గీతకు జానెడు దూరం

ధనుంజయ వర్మ గారు శిక్షణ ముగించుకుని వస్తున్నారన్న కబురు అందగానే పడమటి పాల సమాఖ్య ఆఫీసులో అందరి గుండెల్లోనూ రాయి పడింది. ఆయన సమాఖ్యకు మేనేజింగ్ డైరెక్టరు. మంచి మనిషే. కాకపోతే ఏ ఊళ్ళో శిక్షణకు వెళ్ళినా ఊరికే తిరిగి రారు, అక్కణ్ణించి ఏదో ఒకటి పట్టుకొస్తారు. పోయినేడాది మౌనం పట్టుకొచ్చారు. పొద్దునపూట అరగంటసేపు ఆఫీసులో ఎవరూ నోరు మెదపకూడదు, ఫోను మోగినా ఎత్తకూడదు. పాలవ్యాన్లు దారిలో ఆగిపోతే డ్రైవర్లు ఫోను చేసేది సరిగ్గా ఆ వేళకే. సిబ్బందికి మనశ్శాంతి చిక్కేలోగా రెండు వ్యాన్ల పాలు రోడ్డు మీదే విరిగిపోయాయి.

ఈసారి ఆయన చుక్కలు పట్టుకొచ్చారు.

సమావేశపు హాల్లో గోడ పొడవునా పెద్ద కాగితం అతికించారు. దాని కింది అంచున ఎడమ నుంచి కుడికి పాల లీటర్లు, పక్క అంచున కింది నుంచి పైకి వెన్న శాతం. ఒక్కో ఊరి పాల కేంద్రం ఒక్కో చుక్క. ఎన్ని లీటర్లు పోస్తోందో చూసి అంత కుడికి, వెన్న ఎంత ఉందో చూసి అంత పైకి పెట్టి, ఎర్రతల గుండుసూది గుచ్చారు. జిల్లా మొత్తం ఆ కాగితం మీద తట్టు పోసినట్టు లేచింది.

"మిత్రులారా," అన్నారు వర్మ గారు, "ఇన్నాళ్ళూ మనం లీటర్లను విడిగా చదివాం, వెన్నను విడిగా చదివాం. అంకెలు ఒంటరిగా ఉంటే మూగవి. రెంటినీ ఎదురెదురుగా నిలబెడితే మాట్లాడతాయి. వినండి!"

అందరూ విన్నారు. చుక్కలు నిజంగానే మాట్లాడాయి. పాలు తక్కువ పోసే ఊళ్ళు ఎడమవైపు పైన ఉన్నాయి, అక్కడ వెన్న ఎక్కువ. కుడివైపుకు వెళ్ళేకొద్దీ చుక్కలు కిందికి జారుతూ వచ్చాయి. పాల కేంద్రం పక్కనే చేతిపంపు ఉన్న ఊళ్ళు కుడివైపు అడుగున ఉన్నాయి. పంపు చెడిపోయి బాగుచేసే దిక్కులేని ఊళ్ళు ఎడమవైపు పైన ఉన్నాయి. సూపర్వైజర్లందరికీ ఆ మాట స్పష్టంగా వినబడింది. అందుకే ఒక్కరూ తలెత్తలేదు.

వర్మ గారికి మాత్రం వేరే మాట వినబడింది. ఆయన పొడవాటి స్కేలు తీసుకుని చుక్కల మధ్యగా పైనుంచి కిందికి ఒక వాలుగీత గీసి, రెండడుగులు వెనక్కి వేసి మురిపెంగా చూసుకున్నారు.

"పాలు పెరిగితే వెన్న తగ్గును! ఇదీ మన సమాఖ్య సహజధర్మం. ఇన్ని ఊళ్ళు, ఇన్ని గేదెలు, ఎవరూ చెప్పకుండానే ఒకే గీత వెంట నడుస్తున్నాయి. ఇంతకంటే క్రమశిక్షణ ఎక్కడుంటుంది?"

చప్పట్లు మోగాయి. అవి ఆగాక ఆయన ముఖం చిట్లించి, గీతకు బాగా ఎగువన, కుడివైపు మూల ఒక్కటే నిలబడ్డ గుండుసూదిని స్కేలుతో తట్టారు.

"ఇదెవరి చుక్క?"

తూములూరి పరాంకుశం సంబరంగా లేచి నిలబడ్డాడు. అతను పడమటి మండలం సూపర్వైజరు. అది చౌటకుంట కేంద్రం. పాలు ఎక్కువ, వెన్నా ఎక్కువ. పాతికేళ్ళ ఉద్యోగంలో అతను గట్టిగా చెప్పుకోగలిగింది ఆ కేంద్రం ఒక్కటే. వానలు మొహం చాటేసి ఊరు ఊరంతా వలస పోవడానికి మూటలు కట్టుకుంటున్న ఏడాది, అతను గడప గడపకూ తిరిగి, బ్యాంకు వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి అప్పులిప్పించి గేదెలు కొనిపించాడు. తొలిరోజు వచ్చిన పాలు క్యానుకు సగం కూడా లేకపోతే, వ్యాను డ్రైవరు నవ్వకుండా ఉండటానికి అతనికి టిఫిను పెట్టించాడు. ఇవాళ ఆ ఊళ్ళో పొయ్యి వెలిగేది ఆ పాల మీదే.

"నాదేనండీ," అన్నాడు పరాంకుశం, అభినందన అందుకోవడానికి సిద్ధంగా చేతులు కట్టుకుని.

"సిగ్గు లేదూ?" అన్నారు వర్మ గారు.

*

వారం తిరక్కుండానే 'రేఖానుసరణ విభాగం' ఏర్పడింది. దానికి శేషఫణి అనే కుర్ర అధికారిని రేఖాధికారిగా వేశారు. అతని పని, ప్రతి నెలా గుండుసూదులు మార్చి, ఏ చుక్క గీతకు ఎంత దూరంలో ఉందో కొలవడం. దేనితో కొలవాలన్న దాని మీద రెండు రోజులు చర్చ జరిగి, గోడ మీదే స్కేలు పెట్టి కొలవాలని తేలింది. చౌటకుంట జానెడు దూరంలో ఉంది.

తూర్పు మండలం సూపర్వైజరు చురుకైనవాడు. అదే చిత్రాన్ని చిన్న కాగితం మీద అచ్చు వేయించి, తన కేంద్రాలన్నీ గీతకు అంగుళంలోపలికి వచ్చేశాయని చూపించి ప్రశంసాపత్రం పుచ్చుకున్నాడు. పరాంకుశం కూడా అచ్చు వేయించుకొచ్చాడు గానీ, అప్పటికి గోడ మీది దూరమే చెల్లుతుందని ఉత్తర్వు వెలువడింది. అతనికి ఇంకో కాగితం కూడా చేతికిచ్చారు.

'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, చౌటకుంట కేంద్రము సమాఖ్య రేఖను ఉల్లంఘించి ఒంటరిగా సంచరించుచున్నట్లు గమనించడమైనది. మార్చి నెలాఖరులోగా సదరు చుక్క రేఖను చేరని యెడల, సదరు కేంద్రము శాశ్వతముగా మూసివేయబడును.'

పరాంకుశం ఆ మధ్యాహ్నమే కనిగిరి బస్సెక్కి చౌటకుంటలో దిగాడు. కేంద్రం కార్యదర్శి మాలకొండమ్మ క్యాన్లు తోమించి అరుగు మీద బోర్లిస్తోంది. అతను గోడ మీద బొగ్గుముక్కతో చిత్రం గీసి, చుక్క, గీత, దూరం, మూసివేత అన్నీ విడమరిచి చెప్పాడు.

ఆమె అంతా విని, "అయితే మావాళ్ళు చేసిన తప్పేంది సారూ?" అంది.

"తప్పని కాదమ్మా. మీ పాలు గీత మీద లేవు."

"పాలు క్యాన్లో ఉండాల గానీ గీత మీద ఎందుకుంటయి?"

"వెన్న ఎక్కువుంది. దింపాలంటున్నారు."

మాలకొండమ్మ చేతిలోని క్యాను అరుగు మీద దించింది. "మిగతా ఊళ్ళోళ్ళు ఎట్టా దింపుతుండారో మాకు తెలవదనుకున్నారా సారూ? మా ఊళ్ళో దింపడానికి నీళ్ళేవి? బోరులో ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళు చెంబెడు పోస్తే పాలు అక్కడికక్కడే విరుగుతయి. తాగే నీళ్ళ కోసం మా ఆడోళ్ళు రెండు మైళ్ళు నడస్తన్నారు. అర్జీలు పెట్టీ పెట్టీ చేతులు పడిపోయినయి. నీళ్ళుంటే మేమూ మీ గీత మీదికే వచ్చేవాళ్ళమేమో, ఎవురు చూడొచ్చారు!"

"మరి పాలైనా తగ్గించి పొయ్యకూడదూ? ఎడమవైపుకు జరిగినా గీత తగులుతుంది."

"తగ్గించిన పాలు ఎవురి నెత్తిన పొయ్యమంటారు? ఏ ఇంటోళ్ళని పస్తుండమంటారో మీరే చెప్పండి."

పరాంకుశం ఆమె ఇచ్చిన టీ చల్లారేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చుని, చివరి బస్సుకు బయల్దేరాడు.

*

మర్నాడు ధైర్యం కూడగట్టుకుని వర్మ గారి గదిలోకి వెళ్ళాడు. రేఖాధికారి శేషఫణి స్కేలు చంకలో పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"సార్, చౌటకుంట పాలు తగ్గించి పోస్తే..."

"ఎడమకు నడవడమా? అది తిరోగమనం, పరాంకుశం గారూ! కుడివైపు తగ్గడానికి వీల్లేదు. కిందికి దిగాలి."

"ఎలా దిగుతుందండీ?"

"అది క్షేత్రస్థాయి విషయం."

"నీళ్ళు కలపమంటారా సార్?"

శేషఫణి గబగబా వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

"ఆ మాట," అన్నారు వర్మ గారు నెమ్మదిగా, "సమాఖ్య నియమావళికి విరుద్ధం. పాలలో ఆ పదార్థాన్ని కలిపినవారిని తక్షణం తొలగిస్తాం. మీకు తెలుసు కదా?"

"తెలుసండీ. అయినా చౌటకుంటలో కలపడానికి అసలు లేవండీ. ఉన్నవి ఉప్పు."

ఆ మాట పరాంకుశం కేంద్రాన్ని కాపాడుకోవడానికే అన్నాడు. నీళ్ళే లేకపోతే ఇక ఏం చేయమంటారని అతని ఉద్దేశం. కానీ వర్మ గారు కుర్చీలో ముందుకు వంగి, చేతిలోని పెన్నుతో బల్ల మీద టకటకా కొట్టారు. అది ఆయనకు ఆలోచన వచ్చిన గుర్తు.

"అంటే ఆ కేంద్రం మొండిది కాదన్నమాట. వనరుల లేమి! మరి ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?"

నాలుగో రోజుకల్లా కొత్త ఉత్తర్వు వచ్చింది. 'పాలలో నీరు కలపరాదన్న నిబంధన యథాతథముగా అమలులో ఉండును. అయితే రేఖను చేరుటకు సమాఖ్యచే సరఫరా చేయబడు సర్దుబాటు ద్రవమును నీరుగా పరిగణించనవసరము లేదు.' నాణ్యతా విభాగం వాళ్ళు వెంటనే అడ్డుపుల్ల వేశారు. పాలలో కలిసేది ఏదైనా సరే స్వచ్ఛంగా ఉండి తీరాలి, ఈ విషయంలో తాము రాజీపడలేమని లేచి నిలబడి చెప్పారు. వారి చిత్తశుద్ధిని అందరూ మెచ్చుకున్నారు. సర్దుబాటు ద్రవాన్ని మూడుసార్లు వడగట్టి, పరీక్షించి, ధ్రువపత్రంతో సహా పంపాలని తీర్మానం జరిగింది. టెండరు పిలిచారు. ఒక ఆదివారం పొద్దున్న, 'సర్దుబాటు ద్రవం - తాగరాదు' అని రాసిన కొత్త ట్యాంకరు చౌటకుంట పొలిమేరలోకి వచ్చింది.

పర్యవేక్షణకు పరాంకుశాన్నే వేశారు.

*

ట్యాంకరు పాల కేంద్రం ముందు ఆగేసరికి ఊరంతా అక్కడే ఉంది. డ్రైవరు కొళాయి తిప్పి చూపించాడు. నీళ్ళు తెల్లగా, ధారగా పడ్డాయి. ఒక ముసలాయన దోసిలి పట్టి, పెదాలకు ఆనించి, గుటక వేసి, నమ్మలేనట్టు మళ్ళీ పట్టాడు.

"తియ్యంగున్నయ్యిరా," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు.

మాలకొండమ్మ ఒక పక్క పాలక్యాన్లు, ఒక పక్క ట్యాంకరు చూసి, పరాంకుశం దగ్గరికి వచ్చింది. "ఇప్పుడీ నీళ్ళు పాలల్లో పొయ్యాల, అంతేనా సారూ? పుట్టి బుద్దెరిగిన కాణ్ణించి ఇట్టాంటి నీళ్ళు మా పిల్లకాయలు తాగి ఎరగరు. మీరే ఉండి పోయించండి. మా చేతుల్తో మేం పొయ్యలేం."

పరాంకుశం వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. మార్చి నెలాఖరుకు ఇంక నాలుగు నెలలే ఉంది. ఈ నీళ్ళు క్యాన్లలో పడకపోతే కేంద్రం ఉండదు. పడితే, తను గడప గడపకూ తిరిగి నిలబెట్టినది ఇక కేంద్రమే కాదు. అతనికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పాతికేళ్ళుగా ఏ సంతకం పెట్టమంటే ఆ సంతకం పెట్టిన మనిషి, ఆ ముసలాయన మూడోసారి దోసిలి పట్టడం చూశాక ఇక నిలబడలేకపోయాడు.

"మాలకొండమ్మా, నాకు ఎండకు తల తిరుగుతోంది. కాసేపు లోపల పడుకుంటాను. పని అయ్యాక లేపు."

తలుపు దగ్గరగా వేసుకుని నులకమంచం మీద పడుకున్నాడు. బయట బిందెల చప్పుడు, ఆడవాళ్ళ కేకలు, 'నా వంతు, నా వంతు' అని జగడాలు. అవి సద్దుమణిగాక గేదెల మెడగంటలు వినిపించాయి. అతను లేచి వచ్చేసరికి ట్యాంకరు ఖాళీ. పాలక్యాన్లు మూతలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. 'సర్దుబాటు ద్రవము చుక్క కూడా వృథా కాకుండా పూర్తిగా వినియోగించబడినది' అని రాసి సంతకం పెట్టాడు. అతని ఉద్యోగంలో అంతటి నిజమైన నివేదిక ఇంకోటి లేదు.

*

ట్యాంకరు రోజూ వచ్చింది, రోజూ అలాగే ఖాళీ అయింది. నెల తిరిగింది. శేషఫణి చౌటకుంట గుండుసూది తీసి కొత్త చోట గుచ్చాడు. అది కిందికి దిగలేదు. కుడివైపుకు జరిగింది.

ఉప్పునీళ్ళు ముట్టీ ముట్టనట్టు తాగి బతికిన గేదెలు మంచినీళ్ళు కడుపునిండా తాగితే ఏమవుతుందో గేదెలు కాసిన ఎవరికైనా తెలుసు. ఆ హాల్లో గేదెలు కాసినవాళ్ళు లేరు.

పరాంకుశం తిట్లకు సిద్ధపడి లేచి నిలబడ్డాడు. వర్మ గారు మాత్రం చిరునవ్వు నవ్వారు. "గమనించారా? లీటర్లు పెరిగాయి. అంటే ద్రవం పాలలో కలిసింది. ప్రయోగం ఫలించింది! వెన్న ఎందుకు తగ్గలేదంటారా? ద్రవం చాలలేదు."

ఆ నెల రోజుకు రెండు ట్యాంకర్లు వెళ్ళాయి. ఆడవాళ్ళు రెండు మైళ్ళ నడక మానేసి, ఆ పొద్దంతా గేదెల దగ్గర ఉన్నారు. చుక్క ఇంకాస్త కుడికి జరిగింది. పై నెల నాలుగు ట్యాంకర్లు వెళ్ళాయి. గేదెలకు రోజూ స్నానాలు మొదలయ్యాయి, పెరళ్ళలో పచ్చగడ్డి మొలిచింది, అల్లుళ్ళు అత్తవారింట్లో నాలుగు రోజులు ఎక్కువ ఉండసాగారు. చుక్క మళ్ళీ కుడికే జరిగింది, అందులోనూ కాస్త పైకి.

"మొండి చుక్క!" అన్నారు వర్మ గారు పళ్ళు నూరుతూ. "ఆరు పంపండి. నెలాఖరుకు దిగకపోతే మూసేద్దాం."

పరాంకుశం ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా కుడివైపే చూస్తున్నాడని భార్య బెంగపెట్టుకుంది.

మార్చి నెలాఖరు రానే వచ్చింది. మూసివేత సంఘం హాల్లో కొలువుదీరింది. ఉత్తర్వు మీద సంతకాలు ఒక్కటే తరువాయి. శేషఫణి పాత గుండుసూది పీకి, కాగితంలో లెక్క చూసుకుని, కుడివైపుకు నడిచాడు. ఇంకా నడిచాడు. చేయి చాపాడు. అక్కడ కాగితం అయిపోయింది.

"సార్, చౌటకుంట చుక్క గోడ మీద పడుతోంది."

"గుచ్చండి."

"మొన్ననే రంగు వేయించాం సార్. గోడకు గుచ్చాలంటే ఇంజినీరింగ్ విభాగం అనుమతి కావాలి."

"కాగితం పెంచండి."

"కాగితం కొలత పాలకవర్గం తీర్మానంలో ఉంది సార్. మార్చాలంటే మహాసభ పెట్టాలి."

వర్మ గారు చేతులు వెనక్కి కట్టుకుని చిత్రం ముందు అటూ ఇటూ తిరిగారు. చివరికి సంఘం కార్యదర్శి గొంతు సవరించుకుని ఉత్తర్వు చదివాడు. "చిత్రములో రేఖకు దూరముగా కనబడు చుక్కలను మూసివేయవలెను. సార్, చిత్రంలో అటువంటి చుక్క కనబడటం లేదు."

"లేని చుక్కను మూయలేం కదా," అన్నారు ఇంకొకరు, భోజనం వేళ దాటుతుండటం చూసుకుని.

శేషఫణి చేతిలోని గుండుసూదిని ఎక్కడ పెట్టాలో తోచక చొక్కా జేబులో వేసుకున్నాడు. ఫైలు మూసేశారు. ట్యాంకర్లు ఆపమని ఎవరూ అనలేదు. ఆపాలంటే ఏ చుక్కకు ఆపుతున్నారో రాయాలి, ఆ చుక్క లేదు. పాలవ్యాను డ్రైవరుకు చిత్రాల సంగతి తెలియదు కనుక, అతను రోజూ వెళ్ళి చౌటకుంట క్యాన్లు ఎత్తుకొస్తూనే ఉన్నాడు.

*

ఏప్రిల్లో విజయోత్సవ సభ జరిగింది. గోడ మీది కాగితాన్ని పూలదండతో అలంకరించారు. ఒక్క చుక్క కూడా గీత దాటి లేదు. మిగిలిన సూపర్వైజర్లంతా తమ తమ చేతిపంపులను బాగుచేయించుకుని, ఎడమవైపు వెనకబడ్డ ఊళ్ళను కూడా గీత వెంట కుడికీ కిందికీ దింపేశారు.

"మన గీత ఇక్కడితో ఆగదు," అన్నారు వర్మ గారు. స్కేలు అందుకుని, గీతను అదే వాలున కిందికి పొడిగించుకుంటూ పోయి, కాగితం అడుగంచును తాకించి సంతోషంగా ఒక గుండ్రం చుట్టారు. "వచ్చే అయిదేళ్ళలో మన కేంద్రాలన్నీ చేరవలసిన చోటు ఇది. ఇక్కడ లీటర్లు గరిష్ఠం!"

వెన్న అక్కడ సున్నా. పాలే అవసరం లేదు, గేదెలు అసలే అవసరం లేదు. హాలంతా చప్పట్లు కొట్టింది. పరాంకుశమూ కొట్టాడు.

అప్పుడు టీలు వచ్చాయి. పెద్ద సభలున్న రోజున ఏ ఊరి క్యాను తెరవాలో క్యాంటీను వాళ్ళకు ఒకరు చెప్పే పని లేదు. వర్మ గారు ఒక గుక్క తాగి ఆగారు. గ్లాసులోకి చూశారు. ఇంకో గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. మీగడ తరక ఆయన పైపెదవిని అంటుకుంది.

"ఆహా! చిన్నప్పుడు మా అమ్మమ్మ కాచిన పాలు గుర్తొచ్చాయి. పరాంకుశం గారూ, ఇవి మీ మండలం వైపు వ్యానులో వచ్చినవేనట. ఏ కేంద్రానివండీ? పిలిపించి సన్మానం చేద్దాం."

పరాంకుశం లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని అతను ఎదురుచూశాడు. చౌటకుంట అన్న పేరు నాలుక చివరిదాకా వచ్చింది. శేషఫణి అప్పుడే చొక్కా జేబు తడుముకుంటున్నాడు. పేరు చెబితే సన్మానం జరుగుతుంది, సన్మానపత్రంలో పేరు పడుతుంది, పేరు పడితే చుక్క పడాలి, చుక్క పడాలంటే మహాసభ పెట్టయినా కాగితం పెంచుతారు.

"గీత మీది పాలేనండీ," అన్నాడు.

"చూశారా!" అన్నారు వర్మ గారు సభవైపు తిరిగి, గ్లాసు పైకెత్తి. "గీత మీదికి వస్తే రుచి కూడా దానంతటదే వస్తుంది. శేషఫణీ, ఈ రుచి మీద ఇంకో చిత్రం వేయించండి."

మళ్ళీ చప్పట్లు మోగాయి. పరాంకుశం కూర్చుని, తన గ్లాసులోని టీని ఎవరూ అడగకముందే అడుగంటా తాగేశాడు.